కాలనీ తారు రోడ్డు, ఇంటి ముందు ర్యాంపు: వాయుగుండాలు మొదలవకముందే ఏం చేసుకోవాలి?

కావలి_వాసి (కావలి), ఆగస్టు 3

అందరికీ నమస్కారం. మా కాలనీలో తారు రోడ్డు వేసి ఏడెనిమిదేళ్లయింది. వేసిన కొత్తలో నల్లగా నిగనిగలాడేది, ఇప్పుడు బూడిద రంగుకు తిరిగింది. నడిమధ్యలో పొడుగునా సన్నని పగుళ్లు, అంచుల్లో పెచ్చులు ఊడటం, మలుపు దగ్గర రెండు గుంతలు ఉన్నాయి. సంఘం ఖాతాలో కొంత డబ్బుంది. ఒక కాంట్రాక్టరు వచ్చి చూసి, ఉన్నదాని మీదే ఇంకో పొర పరిచేద్దాం, పదేళ్లు తిరిగి చూడక్కర్లేదు అంటున్నాడు. కొందరు సిమెంటు రోడ్డే కావాలని పట్టుబడుతున్నారు. ఉన్న రోడ్డును కాపాడుకుంటే చాలదా అని నా ఆలోచన. మా గేటు ముందు సిమెంటు ర్యాంపు కూడా అడ్డంగా పగిలింది. ఏదైనా దసరా తర్వాత చూద్దామని సంఘంలో అంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రిటైర్డ్_ఏఈ (నెల్లూరు), ఆగస్టు 3

ముందు మీ చివరి వాక్యానికి జవాబు. దసరా తర్వాత అంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రోడ్లను దెబ్బతీసేది జూన్ వానలు కావు, ఈశాన్య రుతుపవనాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం మీద వాయుగుండం వస్తుంది. 2021 నవంబరు వరదల్లో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. కాబట్టి పగుళ్లు మూయడం, కాలువ తీయడం, గుంతలు పూడ్చడం సెప్టెంబరు దాటకుండా ముగించాలి. ఆగస్టులో పనికి అనువైన పొడి రోజులు కావలసినన్ని దొరుకుతాయి.

ఇక జబ్బు సంగతి. తారు ఎండకు, గాలికి గట్టిపడి పెళుసవుతుంది. మన ఎండల్లో గాలి వేడి 42 డిగ్రీలున్న రోజున తారు పైభాగం 60 దాటుతుంది. రంగు బూడిదగా మారిందంటే పైన ఉన్న తారు అరిగి కంకర బయటపడుతోందని అర్థం. అంతవరకు పెద్ద ప్రమాదం లేదు. పగుళ్ల గుండా నీరు కిందికి దిగినప్పుడే అసలు నష్టం మొదలవుతుంది. కింది గ్రావెల్ నాని మెత్తబడుతుంది. బండి చక్రం పైన పడగానే ఆ నీరు ఒత్తిడికి పైకి చిమ్ముతుంది, చిమ్ముతూ సన్నని మన్ను వెంట తెస్తుంది. వాన వెలిసిన మర్నాడు మీ పగుళ్ల పక్కన వంగి చూడండి. ఎర్రటి మట్టి చార గీసినట్టు కనిపిస్తే కింద అప్పటికే డొల్ల తయారవుతోంది.

ఒక ప్రశ్న. మీ పగుళ్లు ఒంటి గీతలా, లేక మొసలి చర్మంలా గళ్లుగళ్లుగా అల్లుకుని ఉన్నాయా?

కావలి_వాసి, ఆగస్టు 3

మధ్యలోవి ఒంటి గీతలేనండీ. మలుపు దగ్గర గుంతల చుట్టూ మాత్రం మీరన్నట్టు గళ్లుగళ్లుగా ఉంది.

రిటైర్డ్_ఏఈ, ఆగస్టు 3

అయితే రెండూ వేర్వేరు వైద్యాలు. ఒంటి గీత పగులును మూయవచ్చు. తీగ బ్రష్షుతో మన్ను, గడ్డి గీకేసి, గాలితో ఊది, లోపల తేమ లేదని చూసుకుని ఎమల్షన్ (నీటిలో కలిపిన తారు) పోయాలి. డబ్బాలో అది గోధుమ రంగులో ఉంటుంది. పోసిన కాసేపటికి నీరు విడిపోయి నల్లబడుతుంది. నల్లబడేవరకు బండ్లు పోనివ్వకూడదు. వెడల్పు 3 మిల్లీమీటర్లు దాటిన పగుళ్లకు రబ్బరు కలిపిన వేడి తారు ఇంకా మేలు. పైన క్రషర్ డస్ట్ పలచగా చల్లితే టైర్లకు అంటుకోదు.

గళ్ల పగులుకు పైన ఏం పోసినా వృథా. అక్కడ అడుగు పాడయింది. తవ్వి, నానిన మట్టి తీసేసి, కొత్త గ్రావెల్, మెటల్ (పెద్ద కంకర) పొరలుగా వేసి దిమ్మిస కొట్టి, ఆ తర్వాతే తారు వేయాలి. కాంట్రాక్టరు చెప్పిన కొత్త పొర ఈ పని చేయకుండా వేస్తే, కింద ఉన్న పగులు ఒకటి రెండు వానాకాలాల్లో పై పొరలోకి పాకి వస్తుంది. పైగా రోడ్డు ఎత్తు పెరుగుతుంది. పొర మీద పొర వేసుకుంటూ పోయి, చివరికి ఇళ్ల వరండాలే రోడ్డు కంటే కిందికి వెళ్లిన వీధులు నెల్లూరులో చాలా ఉన్నాయి. వాన నీరు కాలువకు పోకుండా గేటులోకి వస్తుంది. కొత్త పొర తప్పదనుకుంటే పాత పొరను గీకించి వేయించుకోండి.

మాగాణి_రైతు (విడవలూరు), ఆగస్టు 4

మా ఊరి రోడ్ల గోడు కూడా వినండి. పెన్నా డెల్టాలో దమ్ము చేసేది సరిగ్గా వానలు దంచే రోజుల్లోనే. ట్రాక్టరుకు ఇనుప చక్రాలు బిగించి, ఒక మడి నుంచి ఇంకో మడికి తారు రోడ్డు మీదే తోలుకుపోతారు. నానిన రోడ్డు మీద ఆ ఇనుప పట్టీలు దిగితే వరసగా గాట్లు పడతాయి. ప్రతి గాటులో నీరు నిలుస్తుంది. ఏఈ గారు చెప్పిన కథ మొత్తం ఆ గాటు నుంచే మొదలవుతుంది. చక్రాలు విప్పి ట్రక్కులో వేసుకుని వెళ్లడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట కోసం ఊరంతా ఏళ్ల తరబడి గుంతల్లో తిరగాలా? మా ఊళ్లో రైతులమే కూర్చుని తీర్మానం చేసుకున్నాం, ఇనుప చక్రాలతో రోడ్డెక్కితే జరిమానా అని. మొదట సణిగారు, ఇప్పుడు పాటిస్తున్నారు.

ఇంకోటి, పంట కాలువకు తూము లేదని రోడ్డుకు అడ్డంగా గండి కొట్టి నీరు తీసుకెళ్లడం. ఆ గండిని మన్నుతో పూడ్చి వదిలేస్తారు. ఒక పీవీసీ గొట్టం ముందే వేసి ఉంచుకుంటే ఆ అవసరమే రాదు.

చీమకుర్తి_టిప్పర్ (చీమకుర్తి), ఆగస్టు 4

రోడ్లు పాడుచేసేది మేమేనని అందరూ అంటారు కాబట్టి నేనే మాట్లాడతాను. మాది గ్రానైట్ ఊరు, దిమ్మెలు మోసే లారీలు రేయింబవళ్లు తిరుగుతాయి. నష్టం బండి మొత్తం బరువును బట్టి కాదు, ఒక్కో ఇరుసు మీద పడే బరువును బట్టి ఉంటుంది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 దాకా ఇందుకోసమే రోడ్లు వేసి, వాటి మీద లారీలు తిప్పి పరీక్షించారు. ఇరుసు బరువు రెండింతలైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు పదహారింతలవుతుందని తేలింది. అందుకే ఎక్కువ ఇరుసులున్న బండి ఎక్కువ మోసినా, తక్కువ ఇరుసులతో కిక్కిరిసిన బండి కంటే రోడ్డును తక్కువ బాధపెడుతుంది. మన దేశంలో 2018లో నాలుగు టైర్ల ఒంటి ఇరుసు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. దాని మీద ఇంకా ఎక్కించేవాళ్లను నేను సమర్థించను. చేసిన పాపం ఆ రోడ్డు మీద తిరిగే మా టైర్లకూ, స్ప్రింగు పట్టీలకూ తగులుతుంది.

కావలి అన్నకు ఒక మాట. కాలనీలో ఎవరైనా ఇల్లు కడుతుంటే కంకర, ఇసుక టిప్పర్లు ఏ దారిలో రావాలో ముందే చెప్పండి. కార్ల కోసం వేసిన పలుచని రోడ్డు మీద నిండు టిప్పరు నిలబెట్టి, అక్కడే చక్రాలు తిప్పితే మలుపులో తారు ముడతలు పడుతుంది. మీ గుంతలు మలుపులోనే ఉండటం చూస్తే నాకు ఇదే అనుమానం.

ఒంగోలు_మల్లె (ఒంగోలు), ఆగస్టు 5

మాది తారు కాదు, ఇంటి ముందు పేవర్ బ్లాకులు. వేసిన రెండో ఏడాదికే గేటు దగ్గర గిన్నెలా కుంగింది. అక్కడ వేసవంతా నీళ్ల ట్యాంకరు ఆగుతుంది. మన ఒంగోలులో ట్యాంకరు లేకుండా ఎండాకాలం గడవదు కదండీ. మళ్లీ వేయించాలంటే ఏం చూసుకోవాలి?

వీధి రోడ్డు గురించి నేను గమనించినవి కూడా చెబుతాను. పెళ్లికీ, పండక్కీ షామియానా వేసేవాళ్లు గడ్డపారతో తారులోకి గుంజ గుంతలు పొడిచి పోతారు. ఒక్కో పందిరికి ఎన్ని రంధ్రాలో! పందిరి తీసేశాక ఎవరూ పూడ్చరు. భోగి మంట కూడా నడిరోడ్డు మీదే వేస్తారు. మర్నాడు ఆ చోట తారు కాలి, వేలితో గీకితే కంకర రాలుతుంది. మా వీధిలో ఇప్పుడు గుంజలకు ఇసుక నింపిన డబ్బాలు వాడుతున్నాం. భోగి మంట పక్క ఖాళీ స్థలంలో వేస్తున్నాం, పిల్లలకు అక్కడే ఇంకా బాగుంది.

రిటైర్డ్_ఏఈ, ఆగస్టు 5

మల్లె గారూ, భోగి మంట, షామియానా మాట చెప్పి మంచి పని చేశారు. ఇంజినీర్ల పుస్తకాల్లో ఈ రెండూ ఉండవు, మన వీధుల్లో మాత్రం ప్రతి ఏటా ఉంటాయి.

మీ బ్లాకుల విషయం. అయిదు వేల లీటర్ల ట్యాంకరు అంటే నీరే అయిదు టన్నులు. ట్యాంకరు ఆగే చోట 60 మిల్లీమీటర్ల బ్లాకులు చాలవు, 80 వేయించండి. దానికంటే ముఖ్యం అడుగు. ఒంగోలు చుట్టుపక్కల చాలాచోట్ల నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బెత్తెడు బీటలిస్తుంది. ఆ నేల మీద నేరుగా ఇసుక పోసి బ్లాకులు పరిస్తే ఏ కంపెనీ బ్లాకైనా కుంగక తప్పదు. రేగడిని కొంత లోతు తీసి, గ్రావెల్ పొరలుగా వేసి, నీళ్లు చల్లి గట్టిపరచాలి. వీలైతే పైమట్టికి సున్నం కలిపి తొక్కించాలి. బ్లాకుల కింద ఇసుక పలుచగా ఉండాలి. ఎగుడుదిగుడులు సరిచేయడానికి ఇసుక మందంగా పోస్తే మీకు వచ్చిన గిన్నే వస్తుంది. చుట్టూ అంచు రాయి సిమెంటులో నిలబెట్టాలి, లేకపోతే బ్లాకులు పక్కకు జరిగి సందులు విచ్చుకుంటాయి. సందుల్లో సన్నని పొడి ఇసుక ఊడ్చి నింపుతూ ఉండాలి, చీమలు తోడేసినప్పుడల్లా మళ్లీ నింపాలి. ట్యాంకరు కొళాయి కారుతుంటే మాత్రం ముందు దాన్ని కట్టించండి. వాన ఏడాదికి కొన్నాళ్లే, కారే కొళాయి ఎండాకాలమంతా ఉంటుంది.

ఇదే మాట కావలి వారికీ వర్తిస్తుంది. ఏసీ నీళ్లు, మంచినీళ్ల ఫిల్టరు వృథా నీళ్లు, గొట్టంతో కారు కడిగిన నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. కల్లాపితో ఏ నష్టమూ లేదు, గంటలో ఆరిపోతుంది. రోజంతా ఒకే చోట తడిసే రోడ్డంచు నిలవదు.

సిమెంటే_శాశ్వతం (నెల్లూరు), ఆగస్టు 5

ఇంత శ్రమ ఎందుకండీ? సిమెంటు రోడ్డు వేస్తే పాతికేళ్లు పగుళ్లు, ఎమల్షన్ గొడవ ఉండదు. నీటికి చెడదు, ఎండకు చెడదు. తారు రోడ్డు మీద ఖర్చుపెట్టడం బూడిదలో పోసిన పన్నీరే.

తాపీమేస్త్రి (కోవూరు), ఆగస్టు 6

అయ్యా, సిమెంటు పని మీదే నేను బతుకుతున్నాను, సిమెంటు మంచిదే. కానీ ఎలా వేసినా నిలుస్తుందనుకుంటే పొరపాటు. మా పనిలో జరిగే తప్పులు మూడు చెబుతాను, కావలి వారి ర్యాంపు ఎందుకు పగిలిందో కూడా తెలుస్తుంది.

మొదటిది నీళ్లు. కాంక్రీటు జారుగా ఉంటే కూలీలకు పరచడం సులువు, అందుకని గొట్టం పెట్టేస్తారు. ఎం20 కాంక్రీటుకు బస్తా సిమెంటుకు 30 లీటర్లు మించకూడదు. ఎక్కువైన నీరు ఆవిరయ్యాక లోపల సన్నని రంధ్రాలు మిగులుతాయి, పైన పొడి లేస్తుంది. ఇసుకలో తడి ఉంటే 30 కూడా ఎక్కువే.

రెండోది నీళ్లు కట్టడం. మామూలు సిమెంటుకే కనీసం వారం తడపాలి. ఇప్పుడు బజారులో ఎక్కువగా దొరికేది బూడిద కలిపిన పీపీసీ, దానికి మన ఎండల్లో రెండు వారాలు కావాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చల్లితే తడిపినట్టు కాదు. మట్టి కట్టలు కట్టి నీరు నిలపాలి, లేదా తడి గోనె సంచులు కప్పి ఆరనివ్వకూడదు. మధ్యాహ్నం పన్నెండు గంటలకు గోనె కింద చేయి పెట్టి చూడండి, అది చల్లగా, తడిగా ఉండాలి. నేను పని ఇచ్చి వెళ్లేటప్పుడు ఇంటివాళ్లకు చూపించేది ఇదొక్కటే.

మూడోది కోత. సిమెంటు ఎండేటప్పుడు ముడుచుకుంటుంది, ఎక్కడో ఒకచోట పగలక మానదు. మనం గీసిన చోట పగిలేటట్టు చేయాలి. వేసిన మర్నాడే మిషనుతో మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోతు కోత కోసి, తర్వాత ఆ సందును తారుతో నింపాలి. ఇంటి ర్యాంపుకు మూడు మీటర్లకు ఒక కోత ఉండాలి. కావలి వారి ర్యాంపు అడ్డంగా పగిలిందంటే కోత ఇవ్వలేదన్నమాట. పగులుకు రెండు వైపులా ఎత్తు సమానంగా ఉంటే అడుగు బాగానే ఉంది, మిషనుతో పగులు వెంటే సన్నని గాడి కోసి తారు సీలు పోయించండి. ఒక వైపు దిగి ఉంటే ఆ ముక్క తీసి, అడుగు గట్టిపరిచి వేయడం తప్ప దారి లేదు. సిమెంటు పాలు పోసి మూస్తామనేవాళ్లను దగ్గరకు రానివ్వవద్దు, అది రెండు నెలల్లో ఊడిపోతుంది.

తీరం దగ్గరి ఊళ్లవారు బోరు నీరు రుచి చూసి వాడండి. ఉప్పు నీటితో కలిపిన కాంక్రీటులో ఇనుప జాలీ వేస్తే లోపలే తుప్పు పట్టి ఉబ్బి పగులుతుంది.

రిటైర్డ్_ఏఈ, ఆగస్టు 6

మేస్త్రి గారికి నమస్కారం. ఇంత చక్కగా చెప్పడం కాలేజీలో పాఠం చెప్పేవాళ్లలో కూడా అరుదు. సిమెంటు రోడ్డు కావాలనేవారు ఇంకొకటి ఆలోచించాలి. మీ వీధిలో మంచినీటి పైపు, మురుగు పైపు, కేబుళ్లు అన్నీ పూర్తయ్యాయా? కాకపోతే సిమెంటు రోడ్డు వేసిన మరుసటి ఏడాదే కోస్తారు. కోసి, తవ్విన మన్నునే అలాగే కుమ్మరించి పైన ఇంత కాంక్రీటు పోస్తారు. తారైనా సిమెంటైనా పైపు కందకం 15, 20 సెంటీమీటర్ల పొరలుగా పూడ్చి, ప్రతి పొరా గట్టిపరిచితేనే కుంగదు. పనివాళ్లు వెళ్లిపోకముందే ఎవరో ఒకరు నిలబడి ఇది చేయించుకోవాలి.

యువ_ఉదయగిరి (ఉదయగిరి), ఆగస్టు 6

రెండు సందేహాలు. ప్లాస్టిక్ కలిపిన తారు రోడ్డు ఎక్కువ కాలం నిలుస్తుందంటారు, కాలనీకి వేయించవచ్చా? మా షెడ్డు ముందు బూడిద రంగు తారు మీద ఇంజిను నుంచి తీసిన పాత ఆయిల్ పూస్తే మళ్లీ నల్లబడుతుందని మెకానిక్ అన్నాడు. పూయమంటారా?

రిటైర్డ్_ఏఈ, ఆగస్టు 6

పాత ఆయిల్ చుక్క కూడా పోయవద్దు తమ్ముడూ. ఆయిల్, డీజిల్, పెట్రోలు తారును కరిగిస్తాయి. నల్లబడుతుంది నిజమే, కరిగిన తారు పైకి తేలడం వల్ల వచ్చిన నలుపు అది. నెలలోపే కంకర వదులవుతుంది, వానకు ఆ ఆయిల్ కాలువలోకి, బావిలోకి పోతుంది. షెడ్డు ముందు బండ్లు ఆగే చోట సిమెంటు అరుగో, బ్లాకులో వేసుకోండి. మిగతా తారుకు పలుచగా చేసిన ఎమల్షన్ చల్లించవచ్చు.

ప్లాస్టిక్ విషయం. మదురైలోని త్యాగరాజర్ కళాశాల ఆచార్యుడు ఆర్. వాసుదేవన్ దీన్ని రూపొందించారు, 2018లో పద్మశ్రీ వచ్చింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2013లో దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. తురిమిన ప్లాస్టిక్‌ను వేడి కంకర మీద చల్లితే అది కరిగి కంకరకు పూతలా పడుతుంది. మన కంకరకు ఇది బాగా అక్కరకొస్తుంది, ఎందుకంటే గ్రానైట్ జాతి రాయికి తారు కంటే నీటితోనే పొత్తు ఎక్కువ. నీరు తగిలితే తారును వదిలేస్తుంది. పూత ఉంటే అంత తేలిగ్గా వదలదు. పీవీసీ ముక్కలు మాత్రం కలవకూడదు, వేడికి విషవాయువు వస్తుంది. తారు, కంకర వేడిగా కలిపే హాట్‌మిక్స్ ప్లాంటులో దీనికి అలవాటున్నవాళ్లుంటేనే అడగండి. కాలువ పూడిపోయి, అంచున నీరు నిలిచే రోడ్డును ప్లాస్టిక్ కూడా కాపాడలేదు.

మాగాణి_రైతు, ఆగస్టు 7

పల్లెల్లో ఉన్నవారికి ఒక సంగతి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్డయితే అయిదేళ్ల నిర్వహణ కాంట్రాక్టరు మీదే ఉంటుంది. రోడ్డు మొదట్లో బోర్డు మీద పని పూర్తయిన తేదీ, నిర్వహణ గడువు రాసి ఉంటాయి. వాటిని ఫోటో తీసి పెట్టుకుని, గడువు లోపలే గుంతల మీద ఫిర్యాదు చేయండి. అందుకు మేరీ సడక్ యాప్ ఉంది. గడువు దాటాక అడిగితే ఎవరూ పలకరు.

కావలి_వాసి, ఆగస్టు 10

అందరికీ ధన్యవాదాలు. ఈ చర్చ మొత్తం సంఘం సమావేశంలో చదివి వినిపించాను. దసరా దాకా ఆగకూడదని ఒప్పుకున్నారు. పూర్తి పొర వేయడం లేదు. మలుపులో పాడయిన భాగం అడుగు దాకా తవ్వించి వేస్తాం, పగుళ్లు మూయిస్తాం, పక్క కాలువ పూడిక తీస్తాం. నిన్న జల్లు పడినప్పుడు నీరు నిలిచిన చోట్ల సుద్దముక్కతో గీతలు గీశాను. ఎక్కువగా ఎడమ వైపు అంచునే ఉన్నాయి. అక్కడ మట్టి రోడ్డు కంటే ఎత్తుగా పేరుకుపోయి నీటికి కట్టలా అడ్డుపడుతోంది. గుంతలకు వేసే తారు పని ఎలా ఉండాలో కూడా చెబితే దగ్గరుండి చూసుకుంటాం.

రిటైర్డ్_ఏఈ, ఆగస్టు 10

సుద్ద గీతలు గీయడం మంచి పని. ముందు ఆ అంచు మట్టిని పారతో చెక్కించేయండి, సగం నీరు ఆ రోజే పోతుంది. అయితే మరీ లోతుగా తీయకండి. తారు అంచుతో సమంగా గ్రావెల్ ఉండి, అక్కడి నుంచి కాలువ వైపు వాలాలి. అంచు కింద ఖాళీ వస్తే బండి దిగినప్పుడల్లా పెచ్చు విరుగుతుంది. రోడ్డు వాలు నడిమధ్య నుంచి అంచుకు మీటరుకు రెండు సెంటీమీటర్లు ఉండాలి. మీది ఆరు మీటర్ల రోడ్డు అనుకుంటే మధ్యకూ అంచుకూ ఆరు సెంటీమీటర్ల తేడా రావాలి.

గుంతను నలుపలకగా, అంచులు నిటారుగా ఉండేటట్టు కోయించండి. గుండ్రంగా ఉన్నదాన్ని అలాగే పూడిస్తే అంచులు పలుచబడి మొదటి వానకే లేచిపోతాయి. దుమ్ము ఊదించి, అడుగుకూ పక్క గోడలకూ టాక్ కోట్ (కొత్త తారు అతుక్కోవడానికి వేసే పలుచని తారు పూత) పూయించాలి. పక్కలకు పూయడం చాలామంది వదిలేస్తారు, నీరు దిగేది ఆ సందులోనుంచే. మిశ్రమం వీజీ-30 రకం తారుతో అయితే పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీలు ఉండాలి, రోలరు పని 90 కి చల్లారకముందే అయిపోవాలి. ప్లాంటు దూరమైతే లారీ మీద పట్టా కప్పి తెమ్మనండి. థర్మామీటరు తెమ్మని ముందే చెప్పండి, అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. లోతు ఎక్కువైతే రెండు పొరలుగా వేసి, పక్క రోడ్డు కంటే కొద్దిగా ఎత్తుగా వదలాలి, బండ్లు తిరిగాక సమమవుతుంది.

తాపీమేస్త్రి, ఆగస్టు 11

కావలి వారూ, వాలు చూడటానికి లెవెల్ మిషను అక్కర్లేదు, నీళ్ల గొట్టం చాలు. వచ్చే ఆదివారం నాకు కావలిలోనే పని ఉంది. పొద్దున ఏడు గంటలకు వస్తే మీ రోడ్డు వాలు, ర్యాంపు రెండూ చూసి వెళ్తాను. ఇద్దరు మనుషులు, ఒక స్కేలు, సుద్దముక్క సిద్ధంగా ఉంచండి.

కావలి_వాసి, ఆగస్టు 11

తప్పకుండా మేస్త్రి గారూ. మలుపు దగ్గర మేము ఎదురుచూస్తుంటాం. కాంట్రాక్టరును కూడా అదే సమయానికి రమ్మన్నాను. ఎంత లోతు తవ్వాలో మీ ముందే తేల్చుకుని, ఆ కొలత కాగితం మీద రాయించుకుంటాం.